కాసిపేట నుంచి కాజీపేటకు: సీటు సరే, అర్ర ఏదీ?

కాసిపేట:

కాసిపేటకూ కాజీపేటకూ పేరులో ఒక్క అక్షరమే తేడా. రైలు మీద మాత్రం ఆ తేడా నూరు కిలోమీటర్లకు పైమాటే. మన మండలంలో డిగ్రీ ముగించిన పిల్లలకు ఆ ఒక్క అక్షరం దాటడమే పెద్ద పరీక్షగా వుంటున్నది. ప్రవేశ పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకొని, కాకతీయ విశ్వవిద్యాలయంలో సీటు సంపాదించిన ఇంట్లో కూడా సంబరం రెండు రోజులకు మించి నిలవడం లేదు. మూడో రోజున తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే: "సీటు వచ్చింది సరే, పిల్ల ఎక్కడుంటది?"

ఈ ప్రశ్నకు జవాబు దొరకక చదువు మానుకున్న ఆడపిల్లలు మన ఊళ్లలో వున్నారు. తప్పు జవాబు దొరికి, మూడు నెలలకే జ్వరం పట్టి, సంచి సర్దుకొని తిరిగి వచ్చిన మగపిల్లలూ వున్నారు. సీటు కొరకు ఏడాది పొడవునా తిప్పలు పడే కుటుంబం, గది కొరకు ఒక్క పూట కూడా ఆలోచించకుండా బయానా ఇచ్చి రావడం పరిపాటి అయింది.

ఒక మస్టరు పోగొట్టుకొని...

బాయిలో సపోర్ట్‌మన్‌గా పనిచేసే ఒక కార్మికుని కూతురికి ఎం.ఎస్సీ.లో సీటు వచ్చింది. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. తండ్రి హన్మకొండలో ఒక్క రాత్రి కూడా వుండి ఎరుగడు. తోడు రమ్మంటే ఈ విలేకరి వెంట వెళ్లాడు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు తల్లి గడపలో నిలబడి, "ఇయ్యాల మంచి అర్ర దొరకకుంటే, మా తమ్ముడు తెచ్చిన సంబంధమే మాట్లాడుడు" అన్నది. కోపంతో అన్న మాట కాదు. భయంతో అన్నది. బిడ్డ మాత్రం చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తలేదు.

సోమగూడెం మీదుగా బెల్లంపల్లి చేరి, పొద్దుటి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగాము. అక్కడి నుంచి ఫాతిమానగర్, నిట్ మీదుగా హన్మకొండ చౌరస్తా చేరి, కరీంనగర్ రోడ్డు పట్టి విశ్వవిద్యాలయం క్రాస్ రోడ్డుకు వెళ్లాము. సాయంత్రం బండి అందుకోవాలి. మధ్యలో వున్నది ఆరేడు గంటలు. ఆ గంటల్లోనే ఒక పిల్ల చదువు తేలిపోవాలి.

ఇది ఆ ఒక్క కుటుంబం కథ కాదు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టు 19న ఏర్పడింది. అంతకు ముందు వరంగల్లులో ఉస్మానియా వారి పీజీ కేంద్రం వుండేది. విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత మన ఆదిలాబాద్ జిల్లా పిల్లలకు హైదరాబాదు పోయే అవసరం కొంత తగ్గింది. 2016 అక్టోబరులో మంచిర్యాల జిల్లా ఏర్పడినా పై చదువుకు రైలు దారి మారలేదు. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా కాకతీయలో పీజీ సీట్లు నింపుతున్నారు. సీట్ల కేటాయింపు విడతలుగా సాగుతుంది. హాస్టలు గదుల కేటాయింపు ఆ తరువాత వస్తుంది. తరగతులు మొదలైన నాటికీ హాస్టల్లో మంచం దొరికే నాటికీ మధ్య కొన్ని వారాలు గడుస్తాయి. కొందరికి మంచం దొరకనే దొరకదు. ఆ సందులోనే తల్లిదండ్రులు తొందరపడి మోసపోతున్నారు.

ముందు కాగితం చూసుకోవాలి

గది వెతికేముందు సీటు కేటాయించిన కాగితం మళ్లీ ఒకసారి చదవాలి. 'కేయూ' అని వున్నంత మాత్రాన తరగతులు విద్యారణ్యపురిలోని పెద్ద ప్రాంగణంలోనే జరుగుతాయని అనుకోరాదు. విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, న్యాయ కళాశాల సుబేదారిలో వున్నాయి. ఖమ్మంలో కూడా విశ్వవిద్యాలయానికి పీజీ కళాశాల వుంది. సుబేదారిలో తరగతులు వున్న పిల్లవాడు క్రాస్ రోడ్డు అవతల గది తీసుకుంటే రోజూ రెండుసార్లు పట్టణం దాటాలి. కళాశాల ఏదో తేల్చుకున్నాకే వీధి ఏదో తేల్చుకోవాలి.

పెద్ద ప్రాంగణంలో చదివేవారు సాధారణంగా విద్యారణ్యపురి, క్రాస్ రోడ్డు పరిసరాలు, గోపాలపూర్, నయీంనగర్, భీమారం వైపు గదులు చూస్తారు. సుబేదారిలో చదివేవారు ఆ చుట్టుపక్కలా, కిషన్‌పుర, బాలసముద్రం వైపూ చూస్తారు. ఏ వాడకు ఆ వాడకు మంచీ వుంది, చెడూ వుంది.

మొదటి అర్ర: కొత్త సున్నం కింద పాత నీళ్లు

మొదట చూసిన గది నయీంనగర్ నాలాకు దగ్గరలో, కింది అంతస్తులో వుంది. కొత్తగా రంగు వేశారు. కిరాయి కూడా అందుబాటులోనే వుంది. అమ్మాయికి నచ్చింది. తండ్రి మాత్రం మాట్లాడకుండా గోడను వేలితో తడుతూ చుట్టూ తిరిగాడు. బాయిలో పని చేసేవాళ్లు పైకప్పును తట్టి శబ్దం వింటారు. గట్టిగా వున్న రాయి ఒక తీరుగా పలుకుతుంది, విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. ఇక్కడ నడుము ఎత్తు దాకా గోడ డొల్లగా పలికింది. గోరుతో గీకితే రంగు కింద పెళ్ల రాలింది.

"నీళ్లు వచ్చినయా ఇక్కడికి?" అని ఆయన పక్క దుకాణంలో అడిగాడు. దుకాణదారు దాచలేదు. వాన ఎక్కువైన ఏడు ఈ వరుస ఇళ్లన్నీ మునిగినవని చెప్పాడు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వచ్చిన భారీ వర్షాలకు హన్మకొండ, వరంగల్ పట్టణాల్లోని అనేక కాలనీలు నీట మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. నయీంనగర్ నాలా పొంగి రోడ్డు మీద రాకపోకలు నిలిచిపోయాయి. ఆ తరువాత నయీంనగర్ వంతెనను కూల్చి కొత్తగా కట్టారు. అయినా పల్లంలో వున్న ఇల్లు పల్లంలోనే వుంటుంది. విద్యార్థి సంవత్సరం మొదలయ్యేది వానాకాలం వెనువెంటనే గనుక, గది చూసినప్పుడు నేల పొడిగానే కనబడుతుంది. మళ్లీ వానాకాలం వచ్చేసరికి పిల్లల సర్టిఫికెట్లూ పుస్తకాలూ ఆ గదిలోనే వుంటాయి. కనుక కింది అంతస్తు గది చూసినప్పుడు ఇంటి యజమానిని కాక, పక్కింటివారిని అడగాలి. "2020లో, 2023లో నీళ్లు ఎంతవరకు వచ్చినయి?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

రెండో అర్ర: చౌకలో దాగిన ఖర్చు

రెండో గది భీమారం దాటి లోపలికి వుంది. గాలి, వెలుతురు బాగున్నాయి. కిరాయి తక్కువ. తండ్రి మొహం విప్పారింది. కాని రోడ్డు మీదికి రావడానికి ఒక ఆటో, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి మరో ఆటో.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు దగ్గరి గది కిరాయి మూడు వేలు, దూరపు గది కిరాయి రెండు వేల రెండు వందలు అనుకుందాం. ఎనిమిది వందలు మిగిలినట్టే కనబడుతుంది. కాని పోను ఇరవై, రాను ఇరవై చొప్పున నెలకు ఇరవై ఆరు రోజులు తిరిగితే ఆటోలకే వెయ్యి నలభై రూపాయలు. దూరపు గది మొత్తం మూడు వేల రెండు వందల నలభైకి తేలింది. దగ్గరి గది కన్నా రెండు వందల నలభై ఎక్కువ! పైగా రోజూ గంటసేపు రోడ్డు మీద. ప్రయోగశాలలో సాయంత్రం ఆలస్యమైతే చీకట్లో ప్రయాణం.

ఈ లెక్క ఆ అమ్మాయే తన నోటు పుస్తకం వెనుక అట్ట మీద వేసి తండ్రికి చూపించింది. "బాపూ, చౌక కాదిది" అన్నది. తండ్రి నవ్వి, "నీకు సీటు ఊకనే రాలే" అన్నాడు.

మూడో అర్ర: అడగకూడని ప్రశ్న

మూడో గది అన్ని విధాలా బాగుంది. పై అంతస్తు. రెండు కిటికీలు. నల్లా నీళ్లు, బోరు నీళ్లు రెండూ వున్నాయి. విశ్వవిద్యాలయం గేటుకు నడిచిపోయే దూరం. యజమానురాలు మర్యాదగా మాట్లాడింది, మంచినీళ్లు ఇచ్చింది. కిరాయి కుదిరింది. తండ్రి జేబులో చేయి పెట్టాడు. అప్పుడు ఆమె అడిగింది: "ఇంతకూ మీరేమిటోళ్లు?"

తండ్రి చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి కొంతసేపటికి వచ్చి, "మరిచిపోయిన, పొద్దున ఇంకొకరు బయానా ఇచ్చి పోయిన్రు" అన్నది. ఎవరూ ఏమీ అనలేదు. మెట్లు దిగేటప్పుడు అమ్మాయి ముందు నడిచింది. తండ్రి వెనుక నడిచాడు. గేటు బయట 'టు లెట్' బోర్డు అట్లాగే వేలాడుతున్నది.

మన మండలంలో దళితులు, గోండు, కొలాం, నాయకపోడు కుటుంబాలు అనేకం వున్నాయి. బాయిలో ఒకే పంజా కింద బొగ్గు తవ్వేవారి పిల్లలకు పట్టణంలో గది దగ్గర ఈ ప్రశ్న ఎదురవుతున్నది. కులం అడగడం, కూర ఏం వండుతారని అడగడం, అడిగి పంపివేయడం చాలా మంది విద్యార్థులకు అనుభవమే. దీనిని వినీ విననట్టు వదిలేయడం వల్లనే అది కొనసాగుతున్నది. పిల్లలు మాత్రం దీన్ని తమ తప్పుగా మనసులో పెట్టుకోరాదు. అట్లాంటి ఇల్లు తప్పిపోవడం నష్టమే గాని అవమానం మనది కాదు. అడిగినవారిది.

ఇంటి యజమానుల వైపు మాట కూడా చెప్పాలి. కొందరు విద్యార్థులు నాలుగు నెలల కిరాయి బాకీ పెట్టి రాత్రికి రాత్రి వెళ్లిపోయారని, ఒకరికని ఇస్తే ఆరుగురు వచ్చి పడుకుంటారని, నీళ్ల మోటారు రోజంతా నడిపిస్తారని వారు చెబుతారు. ఇది నిజమే కావచ్చు. అందుకు ముందే షరతులు కాగితం మీద రాసుకోవడం మార్గం. కులం అడగడం మార్గం కాదు.

నాలుగో అర్ర: ఒకటే తలుపు

మధ్యాహ్నం దాటింది. నాలుగోది ప్రైవేటు హాస్టలు. ఒక గదిలో ఐదు మంచాలు. భోజనం వారిదే. సామాను మోసుకుపోయే పని లేదు గనుక చాలామంది తల్లిదండ్రులు దీనికే మొగ్గుతారు. తండ్రి లోపలికి వెళ్లి నిలబడి, "మంట లేస్తే ఎటునుంచి బయటికి పోవాలె?" అని అడిగాడు. కిందికి ఒకటే మెట్ల దారి. ఆ మెట్ల కిందనే వంటగది, గ్యాసు బండలు. కిటికీలకు కదలని ఇనుప చువ్వలు. రాత్రి పదింటికి బయటి గేటుకు తాళం వేస్తారు. తాళం చెవి ఎవరి దగ్గర వుంటుందో చెప్పేవారు లేరు.

బాయిలోకి గాలి పోయే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి వుండాలని కార్మికులందరికీ తెలుసు. రెండు దారులు లేని బాయిలో మనిషిని దించరు. పిల్లలు పడుకునే చోట కూడా అదే నియమం పాటించాలి. హాస్టలు చూడబోయిన తల్లిదండ్రులు భోజనం రుచి చూసేముందు మెట్లు ఎన్ని వున్నాయో చూడాలి. ఒక గదిలో ఎందరు, ఎందరికి ఒక స్నానాలగది, తాగే నీళ్లు ఎక్కడివి, రాత్రి వుండే వార్డెన్ ఎవరు అన్నవి తరువాతి ప్రశ్నలు.

గదిలో సొంతంగా వండుకునేవారు గ్యాసు విషయంలో జాగ్రత్త పడాలి. పెద్ద బండ నుంచి చిన్న బండలోకి దుకాణాల్లో దొంగచాటుగా నింపే గ్యాసు ప్రాణాలకు ముప్పు. గుర్తింపు కార్డు చూపిస్తే గ్యాసు డీలర్ల దగ్గర ఐదు కిలోల చిన్న బండ సక్రమంగానే దొరుకుతుంది. ఇంటి నుంచి బొగ్గు తీసుకుపోయి మూసిన గదిలో కుంపటి పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఈ సంగతి బొగ్గుట్ట పిల్లలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అయినా చలికాలంలో మరిచిపోతారు.

బయానా ఇచ్చే ముందు

గది నచ్చిన వెంటనే చేతిలో వున్న డబ్బు ఇచ్చి రావడం మనవాళ్లకు అలవాటు. ఇంకొకరు ఎగరేసుకు పోతారన్న భయమే దీనికి కారణం. ఈ కింది సంగతులు తేలిన తరువాతనే బయానా ఇవ్వాలి.

ఒకటి, అడ్వాన్సు ఎంత, తిరిగి ఇచ్చేటప్పుడు రంగులకని, రిపేర్లకని ఎంత కోస్తారు అన్నది ముందే రాయించుకోవాలి. ఫోనులో డబ్బు పంపితే 'గది అడ్వాన్సు' అని రాసి పంపాలి. నగదు ఇస్తే రసీదు తీసుకోవాలి. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టంలో కిరాయి రసీదు పొందడం కిరాయిదారు హక్కుగానే వుంది. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం పనికిరాదు.

రెండు, కరెంటు. గదికి వేరు మీటరు వుందా, ఇంటి మీటరు మీద సబ్ మీటరు వుందా చూడాలి. యూనిట్లు పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతి మనది. ఇల్లంతా ఒకే మీటరు మీద వుంటే ఆ పెరిగిన ధర విద్యార్థి నెత్తిన పడుతుంది. యూనిట్‌కు ఎంత అన్నది ముందే తేల్చుకొని, చేరిన రోజున మీటరు అంకె ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద రెండు వందల యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు జీరో బిల్లు వస్తున్నది. ఇంటికి జీరో బిల్లు వస్తూ వుంటే విద్యార్థి దగ్గర కరెంటు పైసలు దేనికో మర్యాదగా అడగవచ్చు. క్వార్టర్లలో పెరిగి కరెంటుకు అంతగా లెక్క చూడని పిల్లలకు ఈ బిల్లు మొదటి నెలలోనే గుండె జారుస్తుంది.

మూడు, ఖాళీ చేసే గడువు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు నెలనెలా కిరాయి మీద వున్న ఇంటిని ఖాళీ చేయించాలన్నా, చేయాలన్నా పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. 'రేపే ఖాళీ చెయ్' అనడం కుదరదు. ఒప్పందం ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాలి గనుక పదకొండు నెలలకు రాసుకోవడం వాడుక. ప్రైవేటు హాస్టళ్లలో మాత్రం వారు సంతకం పెట్టించుకునే కాగితంలో ఏముందో అదే ముఖ్యం. చదవకుండా సంతకం పెట్టరాదు.

నాలుగు, చూడని గదికి పైసా పంపరాదు. ఫోనులో మంచి ఫోటోలు పెట్టి, 'ముందు టోకెన్ పంపండి, లేకుంటే పోతుంది' అని తొందర పెట్టేవారు మోసగాళ్లు కావచ్చు. అట్లా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయాలి.

ఐదు, ఆడపిల్లల గది అయితే సాయంత్రం ఏడు తరువాత ఆ వీధిలో ఒకసారి నడిచి చూడాలి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, తలుపుకు లోపలి గడియ గట్టిగా వుందా, స్నానాలగది గదికి ఆనుకొని వుందా అన్నవి పగటిపూట తెలియవు. 100, 181 నంబర్లు పిల్ల ఫోనులో ముందే వేసి పెట్టాలి.

ప్రభుత్వ హాస్టళ్లను మరువరాదు

గది కుదిరింది గదా అని హాస్టలు దరఖాస్తు మానుకోవడం పొరపాటు. విశ్వవిద్యాలయం హాస్టళ్లే గాక, ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కళాశాల హాస్టళ్లు హన్మకొండలో వున్నాయి. కులం, ఆదాయం ధ్రువపత్రాలు, ఆధార్, సీటు కేటాయింపు కాగితం, బ్యాంకు పుస్తకం జిరాక్సులు రెండేసి జతలు ఇంటి నుంచే తీసుకుపోవాలి. ఒక్క ఆదాయ ధ్రువపత్రం కొరకు కాసిపేట తహసీలు కార్యాలయానికి తిరిగి రావలసి వస్తే మళ్లీ ఒక మస్టరు పోతుంది.

స్కాలర్‌షిప్పు దరఖాస్తులో కూడా జాగ్రత్త వుండాలి. హాస్టల్లో వుండేవారికీ, బయట వుండేవారికీ నిర్వహణ ఖర్చు కింద ఇచ్చే మొత్తం వేరువేరు. ముందు బయట వుండి, తరువాత హాస్టల్లో చేరినవారు ఆ మార్పు కళాశాల కార్యాలయంలో తెలపకపోతే డబ్బు దగ్గర చిక్కు వస్తుంది.

ఈ ప్రశ్నలు హన్మకొండకే పరిమితం కావు. సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో చేరేవారికీ, మంచిర్యాల, గోదావరిఖనిలలో 2022లో మొదలైన వైద్య కళాశాలల చుట్టూ గదులు వెతికేవారికీ ఇవే వర్తిస్తాయి. అక్కడ నాలా వుండకపోవచ్చు. సబ్ మీటరు మాత్రం వుంటుంది.

ఐదో అర్ర: అక్క చెప్పిన ఇల్లు

మూడున్నర దాటింది. తండ్రి విశ్వవిద్యాలయం గేటు దగ్గర చెట్టు కింద కూర్చున్నాడు. ఇంటి నుంచి తెచ్చిన సద్దిమూట విప్పలేదు. అమ్మాయి టీ కొట్టు దగ్గరికి వెళ్లి అక్కడ నిలబడిన ఇద్దరు విద్యార్థినులను పలకరించింది. అందులో ఒకామె మందమర్రి పిల్ల. రెండో సంవత్సరం చదువుతున్నది. "కాసిపేటోళ్లా? మా బాపుది కూడా బాయి పనే" అన్నది. తామున్న ఇంట్లో ఒక మంచం ఖాళీ అయిందని చెప్పి వెంట తీసుకుపోయింది.

పై అంతస్తు. ఒక పెద్ద గది, దానికే వంట మూల, వేరే స్నానాలగది. మెట్లు రెండు వైపులా. యజమానురాలు ఒంటరి పెద్దావిడ. కిరాయి అంతకు ముందు చూసినవాటికన్నా కొంచెం ఎక్కువే. కాని ముగ్గురు పంచుకుంటే అందుబాటులోకి వచ్చింది. తండ్రి గోడ తట్టాడు. గట్టిగా పలికింది. వీధి చివర కిరాణా దుకాణంలో నీళ్ల సంగతి అడిగాడు. రాలేదన్నారు. మీటరు చూశాడు. పెద్దావిడ అడిగింది ఒక్కటే: "రాత్రి తొమ్మిది దాటితే ఫోను చేసి చెప్పాలె. మా బిడ్డలకు కూడా గదే చెప్పిన." తండ్రి బయానా ఇచ్చి, రసీదు అడిగాడు. ఆమె క్యాలెండరు కాగితం చింపి దాని వెనుక రాసి సంతకం పెట్టింది.

సద్దిమూట ఆ మెట్ల మీద కూర్చొని తిన్నాము. తండ్రి ఇంటికి ఫోను చేసి, "అర్ర దొరికింది. ఆడపిల్లలే వున్నరు. మన మందమర్రోళ్లు" అన్నాడు. అవతల తల్లి ఏమన్నదో ఈ విలేకరికి వినబడలేదు. అమ్మాయి మాత్రం ఆ పూట మొదటిసారి నవ్వింది.

ఒక నోటు పుస్తకం చాలు

ఈ కథలో ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజు ఆ టీ కొట్టు దగ్గర మందమర్రి పిల్ల నిలబడి వుండకపోతే? ఒక ఇంటి చదువు అంత పల్చని అదృష్టం మీద ఆధారపడి వున్నది. కాసిపేట, దేవాపూర్, సోమగూడెం నుంచి ఏళ్ల తరబడి పిల్లలు హన్మకొండ పోయి చదివి వస్తున్నారు. ఏ ఇంట్లో నీళ్లు నిలుస్తాయో, ఏ యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడో, ఏ పెద్దమ్మ కన్నబిడ్డలా చూసుకుంటుందో వారందరికీ తెలుసు. కాని ఆ తెలివి వారితోనే వుండిపోతున్నది. తరువాతి ఏడు వెళ్లే కుటుంబం మళ్లీ మొదటి నుంచి మోసపోవడం మొదలు పెడుతున్నది.

దీనికి పెద్ద పథకం అక్కర లేదు. గ్రామ పంచాయతీ కార్యాలయంలోనో, గ్రంథాలయంలోనో, కార్మిక సంఘం కార్యాలయంలోనో ఒక నోటు పుస్తకం పెడితే చాలు. చదివి వచ్చిన ప్రతి విద్యార్థీ తానున్న వాడ, కిరాయి, నీళ్లు, కరెంటు, మంచీ చెడూ నాలుగు వాక్యాలు రాయాలి. యజమాని ఒప్పుకుంటే ఫోను నంబరు కూడా రాయవచ్చు. ప్రస్తుతం అక్కడ చదువుతున్న మన మండలపు పిల్లల పేర్లు వుంటే కొత్తవారు దిగగానే పలకరించడానికి ఒక మనిషి వుంటాడు. బాయిలో షిఫ్టు దిగేవాడు తరువాతి షిఫ్టువానికి పైకప్పు ఎక్కడ బలహీనంగా వుందో చెప్పి గాని ఇంటికి పోడు. ఊరి పిల్లల చదువు విషయంలో కూడా ఆ పాటి కట్టుబాటు వుండాలి.

హాస్టలు గదుల కేటాయింపును తరగతులు మొదలయ్యే నాటికే పూర్తి చేయాలని, ఆ లోపు దూర ప్రాంతాల విద్యార్థినులకైనా తాత్కాలిక వసతి కల్పించాలని తల్లిదండ్రులు కోరుతున్నారు. సంబంధిత అధికారులు ఈ విషయంపై శ్రద్ధ చూపవలసి వుంది.

ఆ అమ్మాయికి రెండు నెలల తరువాత విశ్వవిద్యాలయం హాస్టల్లో మంచం దొరికింది. పదిహేను రోజుల ముందే పెద్దావిడకు కాగితం రాసి ఇచ్చింది. అడ్వాన్సు పైసా తగ్గకుండా తిరిగి వచ్చింది. ఆ మంచం ఖాళీగా వుండలేదు. బీఈడీలో సీటు వచ్చి, గది కొరకు వెతుకుతున్న మన మండలపు మరో అమ్మాయిని పిలిచి తానే దగ్గరుండి చేర్పించింది. వెళ్లేముందు గోడ మీద చేయి వేసి తట్టి చూపించిందట: "మా బాపు ఇట్లనే చూసిండు. నువ్వు కూడా చూసుకో."